అమ్మ గొలుసు నేర్పిన పాఠం: బంగారం, వజ్రం కొనే ముందు

మేమిద్దరం అక్కాతమ్ముళ్ళం. ఒకరం పదో తరగతి, ఇంకొకరం ఎనిమిదో తరగతి. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. నాగ్‌పూర్, రాయ్‌పూర్ తిరిగి ఇప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటున్నాం. మా అమ్మమ్మగారి ఊరు బొబ్బిలి దగ్గర. కోర్బా – విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా బొబ్బిలిలోనే దిగుతాం.

కిందటి వేసవిలో చిన్న మావయ్యకు పెళ్ళి కుదిరింది. అమ్మకు ఎప్పటినుంచో ఏడురాళ్ళ వజ్రాల దుద్దులు కొనుక్కోవాలని కోరిక. తన పెళ్ళికి అమ్మమ్మ పెట్టిన మూడు కాసుల గొలుసు ఇచ్చి, పైన కొంత డబ్బు కలిపి దుద్దులు తీసుకుందామనుకుంది. మమ్మల్ని వెంటబెట్టుకుని ఒక నగల దుకాణానికి వెళ్ళింది. అక్కడి ఆయన గొలుసు కొక్కేన్ని ఒక యంత్రంలో పెట్టి చూసి, "డెబ్బై ఎనిమిది శాతమే ఉంది" అన్నాడు.

అమ్మ ఏమీ మాట్లాడకుండా గొలుసు తీసుకుని బయటికి వచ్చేసింది. ఇంటికి వచ్చాక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇరవై రెండు క్యారెట్లని చెప్పి చేసిచ్చాడు. మా అమ్మ ధాన్యం అమ్మిన డబ్బుతో చేయించిన సొమ్ము ఇది. ఆ కంసాలి మా వీధిలోవాడే. ఇంత మోసం చేస్తాడా?" అంది.

"ముందే ఎవరినీ ఏమీ అనకు. లెక్క తేలనీ" అన్నారు నాన్నగారు.

ఆ లెక్క తేల్చే పనిలో మేము నేర్చుకున్న విషయాలే ఈ వ్యాసం. మన తల్లిదండ్రులకు మూడేళ్ళకో, నాలుగేళ్ళకో బదిలీ అవుతుంది. కొత్త ఊళ్ళో తెలిసిన కంసాలి ఉండడు. మనల్ని ఎరిగిన దుకాణం ఉండదు. అందుకే ఈ సంగతులు మనలాంటి ఇళ్ళవాళ్ళకు మరీ అవసరం.

1. క్యారెట్ అంటే ఏమిటి?

కల్తీ లేని బంగారాన్ని తెలుగులో మేలిమి అంటారు. అపరంజి, కుందనం అన్నా అదే. పూర్వం వన్నెలతో లెక్కపెట్టేవారు. పదహారు వన్నెల బంగారమంటే మేలిమి అని అర్థం. ఇప్పుడు క్యారెట్లతో లెక్కపెడుతున్నాం. మేలిమి బంగారం 24 క్యారెట్లు. అంటే మొత్తాన్ని 24 భాగాలు చేస్తే 24 భాగాలూ బంగారమే.

మేలిమి చాలా మెత్తగా ఉంటుంది. దానితో నగ చేస్తే వంగిపోతుంది, అరిగిపోతుంది. అందుకే రాగి, వెండి వంటి లోహాలు కొద్దిగా కలుపుతారు. ఇలా కలపడం మోసం కాదు, అవసరం. ఎంత కలిపారో చెప్పకపోవడమే మోసం.

22 క్యారెట్లంటే 24 భాగాల్లో 22 భాగాలు బంగారం. దాన్ని వెయ్యికి లెక్కగడితే 916 వస్తుంది. "916 బంగారం" అనే మాట అక్కడినుంచే వచ్చింది. 18 క్యారెట్లయితే 750, 14 క్యారెట్లయితే 585.

ఇప్పుడు మా గొలుసు లెక్క చూడండి. కాసు అంటే 8 గ్రాములు. మూడు కాసులు 24 గ్రాములు. 22 క్యారెట్లయితే అందులో సరిగ్గా 22 గ్రాముల మేలిమి ఉండాలి. 78 శాతమే అయితే 24 × 0.78 = 18.72 గ్రాములు. అంటే 3.28 గ్రాములు తక్కువ. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము మేలిమి 10,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు తేడా 32,800 రూపాయలు. అమ్మ కళ్ళనీళ్ళకు కారణం మాకు అప్పుడు అంకెల్లో అర్థమైంది.

2. గీటురాయి నుంచి యంత్రం దాకా

బంగారాన్ని పరీక్షించే పాత సాధనం గీటురాయి. ఇక్కడ హిందీలో దాన్ని కసౌటీ అంటారు. అది నున్నటి నల్లరాయి. నగతో దానిమీద గీత గీస్తారు. పక్కనే స్వచ్ఛత తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు. ఆమ్లం చుక్క వేసి రెండు గీతల రంగూ పోల్చి చూస్తారు. అనుభవమున్న కంటికి దగ్గర లెక్క దొరుకుతుంది కానీ కచ్చితమైన అంకె దొరకదు.

అన్నిటికంటే నమ్మకమైనది నిప్పుతో చేసే పరీక్ష. నగలోనుంచి చిన్న ముక్క తీసి తూస్తారు. దానికి సీసం, వెండి చేర్చి మూసలో పెట్టి బాగా వేడిచేస్తారు. రాగి వంటి లోహాలు సీసంతో కలిసి మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన వెండిని నత్రికామ్లంలో కరిగిస్తారు. చివరికి మేలిమి ఒక్కటే మిగులుతుంది. దాన్ని మళ్ళీ తూస్తే శాతం తెలుస్తుంది.

ఇప్పుడు చాలా దుకాణాల్లో ఎక్స్‌రే యంత్రం ఉంటోంది. నగ పాడవదు, నిమిషాల్లో అంకె వస్తుంది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది కిరణం పడిన చోటును, అదీ పైపొరను మాత్రమే చూస్తుంది. నగ మొత్తాన్ని చూడదు.

మా గొలుసు రహస్యం ఇక్కడే ఉంది. నాన్నగారు పనిమీద రాయ్‌పూర్ వెళుతూ అమ్మనూ, మమ్మల్నీ, గొలుసునూ తీసుకెళ్ళారు. అక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో చిన్న రుసుము కట్టి పరీక్ష చేయించాం. ముద్ర లేని పాత నగలను మామూలు మనుషులు కూడా అక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. వాళ్ళు గొలుసును చాలా చోట్ల పరీక్షించారు. గొలుసు కడియాల మీద 89 శాతం వచ్చింది. కొక్కెం దగ్గర మాత్రం 78.

ఎందుకంటే కొక్కేన్ని గొలుసుకు అతికేది టంకం. బంగారం కంటే తక్కువ వేడికి కరిగితేనే అది టంకంగా పనికొస్తుంది. అందుకోసం పాతరోజుల్లో టంకంలో ఇతర లోహాలు ఎక్కువ కలిపేవారు. కాబట్టి అతుకు ఉన్నచోట బంగారం తక్కువ. తరువాత కాడ్మియం కలిపిన టంకం వచ్చింది. దాన్నే కేడీఎం అనేవారు. దానివల్ల స్వచ్ఛత పెద్దగా తగ్గదు కానీ, కాడ్మియం పొగ పనివాళ్ళ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అందుకని దాన్ని మానెయ్యమన్నారు. ఇప్పుడు ఎవరైనా "కేడీఎం నగ" అని గొప్పగా చెబితే అది స్వచ్ఛతకు హామీ కాదని తెలుసుకోండి.

89 శాతం లెక్కన గొలుసులో 21.36 గ్రాముల మేలిమి. 78 లెక్కన 18.72. తేడా 2.64 గ్రాములు, మనం అనుకున్న ధరకు 26,400 రూపాయలు. నిజమైన విలువ ఈ రెండింటి మధ్య ఉంటుంది. గొలుసులో ఎక్కువ భాగం కడియాలే కాబట్టి మొదటి అంకెకు దగ్గరగా ఉంటుంది. కంసాలి చెప్పిన 22 క్యారెట్లకు కొంచెం తగ్గింది నిజమే. కానీ అమ్మ భయపడినంత మోసం జరగలేదు. కొక్కెం దగ్గర వచ్చిన అంకెను గొలుసంతటికీ కట్టడమే తప్పయింది.

3. హాల్‌మార్క్: నగతో పాటు వచ్చే సాక్షి

ఊరి కంసాలి మాట ఆ ఊరి పొలిమేర దాకా పనికొస్తుంది. మనం ఊరు మారినా మారని సాక్ష్యం ఒకటి కావాలి. అదే హాల్‌మార్క్. భారత ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, బంగారు నగలకు ఈ పద్ధతిని 2000లో ప్రారంభించింది. 2021 జూన్ నుంచి విడతలవారీగా జిల్లాల్లో తప్పనిసరి చేశారు.

ఇప్పటి హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుంటాయి.

మొదటిది, బీఐఎస్ త్రికోణపు గుర్తు.
రెండోది, స్వచ్ఛత. 22కె916, 18కె750 ఇలా ఉంటుంది.
మూడోది, ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ. ఇది ఒక్కో నగకు ఒక్కోటి ఉంటుంది. మన ఆధార్ సంఖ్య లాంటిదన్నమాట.

హాల్‌మార్క్ తప్పనిసరైన చోట్ల 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరు అక్షరాల సంఖ్య ఉన్న నగలే అమ్మాలి. రెండు గ్రాముల కంటే తక్కువ బరువున్న చిన్న నగలకు మినహాయింపు ఉంది. మన ఇళ్ళల్లో ఉన్న పాత నగలకు భయం లేదు. ఈ నియమం అమ్మే దుకాణాలకే కానీ దాచుకున్న మనకు కాదు.

గుర్తులు చాలా చిన్నవి. దుకాణంలో భూతద్దం అడిగి చూడాలి. తరువాత ఫోన్‌లో "బీఐఎస్ కేర్" యాప్ తెరిచి హెచ్‌యూఐడీ కొట్టాలి. అది ఏ రకం నగ, స్వచ్ఛత ఎంత, ఎక్కడ పరీక్ష చేశారు అన్న వివరాలు వస్తాయి. మీ చేతిలో గాజు ఉండి, ఫోన్‌లో ఉంగరం అని వస్తే ఆ నగ తీసుకోకండి.

హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన బంగారం విలువకు రెండింతలూ, పరీక్ష ఖర్చూ కొన్నవారికి ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. అయితే బిల్లు ఉంటేనే అడగగలం.

4. బిల్లు చదవడం

బరువు కొలతలు ఊరిని బట్టి మారతాయి. అమ్మమ్మ కాసుల్లో చెబుతుంది. బిలాస్‌పూర్‌లో తోలా అంటారు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలామంది మాటల్లో అది 10 గ్రాములు. కాబట్టి ఎవరు ఏ మాట అన్నా "గ్రాముల్లో చెప్పండి" అని అడగాలి.

బిల్లులో ఇవి విడివిడిగా ఉన్నాయో లేదో చూడాలి: నగ మొత్తం బరువు, రాళ్ళు తీసేసిన తరువాత బంగారం బరువు, క్యారెట్, ఆ రోజు గ్రాము ధర, తరుగు, మజూరీ, రాళ్ళ ధర, మూడు శాతం జీఎస్టీ. తరుగు అంటే పని చేసేటప్పుడు పోయే బంగారం. మజూరీ అంటే చేతిపని కూలి. ఈ రెండూ దుకాణానికో రకంగా ఉంటాయి, బేరమాడవచ్చు. "తరుగు లేదు" అని బోర్డు పెట్టి మజూరీ పెంచేవారూ ఉంటారు. అందుకని చివరి మొత్తం పోల్చాలి. 18 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల ధర వేశారేమో కూడా చూసుకోవాలి.

5. వజ్రం సంగతి

దుద్దుల కోసమే కదా మేము బయలుదేరింది! అందుకని వజ్రాల గురించి కూడా చదివాం.

వజ్రాలకూ మన తెలుగు నేలకూ పాత చుట్టరికం ఉంది. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్ళేవి. కృష్ణా తీరంలోని కొల్లూరు వంటి గనుల్లో తీసినవి గోల్కొండ వజ్రాలుగా పేరు పొందాయి. అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి వానలు పడగానే ఇప్పటికీ జనం పొలాల్లో రాళ్ళు వెదుకుతారు. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోనూ గరియాబంద్ జిల్లాలో వజ్రాలుండే శిలలున్నాయి. బిలాస్‌పూర్ అర్పా నది నీళ్ళు శివనాథ్‌లో కలిసి, మహానదిలో చేరి ఒడిశాలోని హీరాకుడ్ చేరతాయి. ఆ పేరుకు వజ్రాల దీవి అని అర్థం.

వజ్రం విలువను నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి.

బరువు: ఇక్కడా క్యారెట్ అనే మాటే వాడతారు. కానీ అర్థం వేరు. బంగారానికి క్యారెట్ స్వచ్ఛత. వజ్రానికి క్యారెట్ బరువు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు. అందులో వందో వంతు ఒక సెంటు. ఒకే 70 సెంట్ల రాయికీ, ఐదేసి సెంట్ల 14 రాళ్ళకూ బరువు ఒకటే. కానీ పెద్దరాయి అరుదు కాబట్టి దాని ధర చాలా ఎక్కువ.

కోత: మెరుపంతా ఇందులోనే ఉంది. ముఖాలు సరైన కోణంలో చెక్కితే లోపలికి వెళ్ళిన వెలుగు తిరిగి పైకి వస్తుంది. కోహినూర్‌ను 1852లో లండన్‌లో మళ్ళీ చెక్కినప్పుడు 186 క్యారెట్ల రాయి సుమారు 105.6 క్యారెట్లకు తగ్గింది. మెరుపు కోసం అంత బరువు వదులుకున్నారు.

రంగు: మామూలు వజ్రాల్లో రంగు లేనిదానికి విలువ ఎక్కువ. దాన్ని డి అంటారు. పసుపు ఛాయ పెరిగేకొద్దీ జడ్ వరకు అక్షరాలు దిగుతాయి.

నిర్మలత్వం: పదిరెట్లు పెద్దది చేసే అద్దంతో లోపలి మచ్చలు, గీతలు చూస్తారు. ఏ లోపమూ కనిపించకపోతే ఎఫ్‌ఎల్. తరువాత ఐఎఫ్, వీవీఎస్, వీఎస్, ఎస్‌ఐ, చివరికి ఐ. వీఎస్ రాయిలోని లోపం మామూలు కంటికి కనిపించదు.

హాల్‌మార్క్ బంగారానికే. రాయి గురించి అది ఏమీ చెప్పదు. రాయికి ప్రయోగశాల ఇచ్చే ధ్రువపత్రం వేరుగా అడగాలి.

ప్రయోగశాలలో తయారైన వజ్రాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి గాజుముక్కలు కావు, అసలు కార్బనే. గట్టిదనం, మెరుపు అంతే. ధర మాత్రం గనిలో దొరికినదానికంటే చాలా తక్కువ. తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. చేతిలో పట్టుకుని చూసే మామూలు పరికరంతో ఈ రెండింటికీ తేడా తెలియదు. అందుకని ఏ రకమో బిల్లు మీద రాయించుకోవాలి.

మచిలీపట్నం దగ్గర చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తారు. వాటిని రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్ముతారు, ఇష్టపడి కొనుక్కుంటారు. అందులో తప్పేమీ లేదు. ఏదైనా దాని పేరు చెప్పి అమ్మితే అది సరుకే. వేరే పేరుతో అమ్మితేనే అది నకిలీ.

6. చివరికి ఏం జరిగింది?

అమ్మ గొలుసు మార్చలేదు. "ఇన్నాళ్ళూ దీన్ని మెడలో వేసుకున్నాను, దీని సంగతి ఇప్పుడే తెలిసింది" అంది. మావయ్య పెళ్ళికి అదే వేసుకుంది. బొబ్బిలిలో ఆ కంసాలి తాతగారు కనిపిస్తే ఆగి, కాళ్ళకు దండం పెట్టి పలకరించింది. 78 అన్న మాట నమ్మేసి ఉంటే ఆయన్ను చూసి మొహం తిప్పుకునేదేమో.

మా ఇంట్లో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. ఒక్కో నగకు ఒక్కో పేజీ. బరువు గ్రాముల్లో, క్యారెట్, హెచ్‌యూఐడీ, కొన్న ఊరు, తేదీ, ఫొటో, బిల్లు నకలు. బదిలీ అయినప్పుడు ఎన్నో కాగితాలు పోతాయి. ఈ పుస్తకం మాత్రం నాన్నగారి సర్వీసు కాగితాలతో పాటు ఒకే పెట్టెలో వెళుతుంది. మీరూ ఈ సెలవుల్లో మీ అమ్మగారి దగ్గర కూర్చుని అలాంటి పుస్తకం ఒకటి రాయండి. నగల లెక్కతో పాటు ఇంటి కథలు కూడా బోలెడు తెలుస్తాయి.

మీరూ లెక్క కట్టండి

1. 10 గ్రాముల 18 క్యారెట్ల ఉంగరంలో మేలిమి ఎంత?
2. ఏడురాళ్ళ దుద్దుల జత మొత్తం బరువు 6 గ్రాములు. ఐదేసి సెంట్ల రాళ్ళు 14. బంగారం బరువు ఎంత? అది 18 క్యారెట్లయితే మేలిమి ఎంత?
3. ఒక నగ అయస్కాంతానికి అంటుకోలేదు. అది బంగారమేనని చెప్పగలమా?

జవాబులు: 1. ఏడున్నర గ్రాములు. 2. రాళ్ళు 70 సెంట్లు, అంటే 0.14 గ్రాము. బంగారం 5.86 గ్రాములు. మేలిమి సుమారు 4.4 గ్రాములు. 3. చెప్పలేం. రాగి, ఇత్తడి, వెండి కూడా అయస్కాంతానికి అంటుకోవు.